లాటరీ మాకే తగిలింది, అయినా అడుగుతున్నాను

ఫ్రిస్కో, టెక్సస్
2025 జులై

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) కమిషనర్ ఆడమ్ సిల్వర్ గారికి,
30 జట్ల యజమానులకు,

నమస్కారం.

కొత్త ఆటగాళ్లని ఏ జట్టు ముందుగా ఎంచుకోవాలో తేల్చే లాటరీ కోసం మే 12 సాయంత్రం షికాగోలో మీ డిప్యూటీ కమిషనర్ మార్క్ టేటమ్ పద్నాలుగో స్థానం నుంచి మొదటి దాకా ఒక్కో కవరే విప్పుతుంటే నేను ఇక్కడ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. హాల్లో మావాడొక్కడే టీవీ ముందు కూర్చున్నాడు. గెలుపోటముల లెక్క ప్రకారం పదకొండో స్థానం కవరు మా డల్లాస్ మావెరిక్స్‌ది. అందులోంచి పోర్ట్‌లండ్ పేరు బయటికి రాగానే "నాన్నా, మనం పైకెళ్లాం!" అని వాడు వేసిన కేకకి గిన్నె జారి సింకులో పడింది. చేతులు తుడుచుకుని వెళ్లేసరికి రెండే కవర్లు మిగిలాయి. రెండూ టెక్సస్ జట్లవే. రెండో స్థానం శాన్ ఆంటోనియోకి, మొదటిది మాకు. వెయ్యి చీట్లుంటే అందులో మావి 18. ఆ అదృష్టంతో జూన్ 25న బ్రూక్లిన్‌లో మావాళ్లు కూపర్ ఫ్లాగ్‌ని తీసుకున్నారు. 18 ఏళ్ల కుర్రాడు. మెయిన్ రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊరు వాడిది. డ్యూక్ యూనివర్సిటీకి ఒక్క ఏడాది ఆడి వచ్చాడు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, లాటరీ తగలనివాడి ఏడుపు కింద ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టేస్తారేమోనని. మాకు తగిలింది. మా ఇంట్లో ఆ రాత్రి మిఠాయి పంచుకున్నాం కూడా. అయినా ఈ లాటరీని తీసేయమని అడగడానికే రాస్తున్నాను.

తెలుగులో రాయడం దేనికంటారా? బహిరంగ లేఖ కదా, మీతో పాటు మావాళ్లూ చదవాలి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు వచ్చి చూడండి, గ్యారేజీ ముందు బాస్కెట్‌బాల్ హూప్ నిలబెట్టిన తెలుగు ఇళ్లు ఎన్ని కనిపిస్తాయో. మాకు క్రికెట్ పిచ్చి, మా పిల్లలకు ఇది. మీ టికెట్లు, మీ జెర్సీలు, మ్యాచ్‌లు చూపించే మీ లీగ్ పాస్ కొనేది మేమే. ఇక చదివి చెప్పడానికంటారా, మీ ఐటీ విభాగంలో ఒక్క తెలుగువాడైనా లేకపోడు. అడగండి, చదివిపెడతాడు.

మా నాన్న సంగతితో మొదలుపెడతాను. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు పిల్లల చేత కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్ ఆడించారు. వాళ్ల స్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు లేదు. అయినా ఆట ఏదైనా సరే, పది నిమిషాలు చూస్తే ఎవడు ఆడుతున్నాడో ఎవడు నటిస్తున్నాడో చెప్పేస్తారు. ఒక మార్చి నెలలో అమ్మా ఆయనా మా దగ్గరికి వచ్చినప్పుడు, వేరే రాష్ట్రంలో ఉన్న మా చెల్లెలి ఇంటికి అందరం వెళ్లాం. ఆ ఊళ్లో మ్యాచ్ ఉంటే నాన్నకి చూపిద్దామని తీసుకెళ్లాను. ఊరి పేరు, జట్టు పేరు రాయను. అలాంటి జట్లు ఏటా అరడజను ఉంటాయి.

టికెట్ మనిషికి 90 డాలర్లు. నాన్న సీట్లో కూర్చోకముందే దాన్ని రూపాయల్లోకి మార్చేశారు. "నలుగురికీ కలిపి ముప్పై వేలా!" అన్నారు. పోస్టర్ మీద బొమ్మ ఉన్న ఆటగాడు మామూలు బట్టల్లో బెంచీ మీద నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. మోకాలి నొప్పి అని రాశారు. సరే, నొప్పులు అందరికీ వస్తాయి. మిగిలిన కుర్రాళ్లే బాగా ఆడి నాలుగో క్వార్టర్ మొదట్లో ఎనిమిది పాయింట్లు పైన ఉన్నారు. అప్పుడు కోచ్ ఆ బాగా ఆడుతున్న వాళ్లందరినీ ఒక్కసారే బయటికి పిలిచాడు. మళ్లీ పంపలేదు.

"ఏరా, వాడు బాగా ఆడుతున్నాడుగా, ఎందుకు కూర్చోబెట్టాడు?"

"ఓడిపోవాలని, నాన్నా."

"ఎవరు ఓడిపోవాలని?"

"వీళ్లే. ఇప్పుడు ఓడిపోతే వచ్చే ఏడు మంచి కుర్రాడు దొరుకుతాడు."

నాన్న కాసేపు ఏమీ అనలేదు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాక, మెట్లు దిగుతూ అన్నారు. "ఓడిపోడానికే అయితే మనల్ని పిలవడం దేనికిరా? తలుపులేసుకుని వాళ్లలో వాళ్లే ఓడిపోవచ్చుగా."

ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో భోజనాల దగ్గర డ్రాఫ్ట్ అంటే ఏమిటో ఆయనకి చెప్పాను. ఎంసెట్‌తో పోల్చి చెబితే తొందరగా ఎక్కింది. ఎంసెట్‌లో మొదటి ర్యాంకు వచ్చినవాడు తనకు నచ్చిన కాలేజీ పెట్టుకుంటాడు. ఇక్కడ మొదటి ర్యాంకు వాణ్ణి ఆఖరి ర్యాంకు కాలేజీ ముందుగా ఎంచుకుంటుంది. కుర్రాడికి వెబ్ ఆప్షన్లు ఉండవు. ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు వెళ్లి టోపీ పెట్టుకుని ఫొటో దిగాలి. వెళ్లనని మొండికేస్తే ఈ దేశంలో ఆ స్థాయిలో ఆడుకోడానికి ఇంకో లీగ్ లేదు. రెండు రౌండ్లు, జట్టుకి రౌండుకి ఒకటి చొప్పున 60 పేర్లు. ఈసారి న్యూయార్క్ ఒకటి పోగొట్టుకుంది కాబట్టి 59. ముందు ఎవరు ఎంచుకోవాలన్నది మాత్రం లాటరీలో తేలుతుంది. అందులో అట్టడుగున ఉన్న మూడు జట్లకీ తలా 140 చీట్లు, ఆ పైవాళ్లకి 125, 105, 90 అలా తగ్గుకుంటూ పోయి పద్నాలుగో జట్టుకి 5. పద్నాలుగు బంతుల్లోంచి నాలుగు తీస్తే వచ్చే కూర్పులు 1001. అందులో ఒకదాన్ని పక్కన పెట్టి మిగిలిన వెయ్యిని చీట్లుగా పంచుతారు.

నాన్న అంతా విని, "మేం ఉద్దీలు పడేవాళ్లం" అన్నారు.

ఇది మీకు వివరంగా చెప్పాలి. మా పల్లెల్లో చెడుగుడుకి జట్లు పంచుకునేటప్పుడు ఇద్దరు పెద్ద కుర్రాళ్లు నాయకులుగా ఒక చోట కూర్చుంటారు. మిగిలినవాళ్లు ఈడూ జోడూ చూసుకుని ఇద్దరిద్దరుగా జతపడతారు. బలవంతుడితో బలవంతుడు, బక్కవాడితో బక్కవాడు. ఎవరికి ఎవరు సమానమో పిల్లలకే తెలుసు, మాస్టారు చెప్పక్కర్లేదు. ఆ ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని చెట్టు చాటుకి పోయి చెరో దొంగపేరు పెట్టుకుంటారు. ఒకడు మల్లెపువ్వు, ఇంకొకడు తామరపువ్వు. తిరిగొచ్చి, "మల్లెపువ్వు కావాలా, తామరపువ్వు కావాలా?" అంటారు. నాయకుడు ఒక పేరు కోరుకుంటాడు. ఆ పేరు ఎవడిదైతే వాడు ఇటు, రెండోవాడు అటు. రెండు జట్లూ సరిసమానం. నిన్నటి ఆటలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న దాంతో పనే లేదు. కావాలని ఓడినవాడికి పైసా లాభం లేదు.

"అందులోనూ దొంగలుంటార్లే," అన్నారు నాన్న నవ్వుతూ. "పేరు ముందే నాయకుడి చెవిలో ఊదేవాడు ఒకడుండేవాడు. వాడి వీపు మీద నాలుగు తగిలించాం."

30 జట్లని చెట్టు చాటుకి పంపి పువ్వుల పేర్లు పెట్టుకోమని నేను అడగడం లేదు. ఒక్క విషయం పట్టుకోండి చాలు. ఓడినందుకు బహుమానం ఇవ్వకుండానే జట్లని సమానం చెయ్యొచ్చని పల్లెటూరి పిల్లలకి తెలుసు.

మీ లీగ్ 1947 నుంచీ డ్రాఫ్ట్ నడుపుతోంది. 1966 నుంచి 1984 దాకా లీగ్‌లోని తూర్పు, పడమర విభాగాల్లో అట్టడుగున ఉన్న రెండు జట్ల మధ్య బొమ్మా బొరుసా వేసేవారు. 1979లో మ్యాజిక్ జాన్సన్ షికాగోకి కాకుండా లాస్ ఏంజిలస్‌కి వెళ్లింది అలా ఎగరేసిన నాణెం వల్లే. ఆ పద్ధతిని చెడగొట్టింది మా టెక్సస్ వాళ్లేనని ఒప్పుకోవాలి. 1984లో హ్యూస్టన్ చివరి వారాల్లో ఓడిన తీరు చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. ఇక రిటైరైపోతున్న 38 ఏళ్ల ఎల్విన్ హేయ్స్‌ని విశ్రాంతి లేకుండా ఆడించారు. నాణెం వాళ్ల వైపే పడింది, హకీమ్ ఒలాజువాన్ వచ్చాడు. ఆ గొడవతోనే మరుసటి ఏడాది లాటరీ పుట్టింది.

1985లో ఏడు కవర్లు, అందరికీ సమాన అవకాశం. పాట్రిక్ యూయింగ్ న్యూయార్క్‌కి పోయాడు. అందరికన్నా ఎక్కువ ఓడిన జట్లలో ఒకటైన గోల్డెన్ స్టేట్ ఏడో స్థానానికి జారిపోయింది. చేతికి తగలగానే తెలిసేలా న్యూయార్క్ కవరుని ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా చేశారని నలభై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. అయ్యో, బాగా ఓడినవాళ్లకి అన్యాయం జరిగిందని 1990 నుంచి వాళ్లకి ఎక్కువ చీట్లు ఇచ్చారు. 1993లో 41 గెలిచి 41 ఓడిన ఒర్లాండోకి 66లో ఒకే ఒక్క చీటీతో వరసగా రెండోసారి లాటరీ తగిలింది. మళ్లీ గొడవ. దాంతో ఆఖరి జట్టుకి నూటికి 25 పాళ్లు ఇచ్చారు. అప్పుడు ఫిలడెల్ఫియా వాళ్లు ఓడటాన్నే ఒక ప్రణాళికగా పెట్టుకున్నారు. మూడేళ్లలో 19, 18, 10 గెలుపులు. మళ్లీ గొడవ. 2019 నుంచి దాన్ని 14 పాళ్లకి దించారు.

ఇన్నేళ్లలో మీరు మార్చింది చీట్ల లెక్క ఒక్కటే. ఉప్పు ఎక్కువైందని నీళ్లు, నీళ్లెక్కువయ్యాయని ఉప్పు. ఓడితే లాభం అన్న మూలసూత్రం పొయ్యి మీద అలాగే ఉడుకుతోంది.

2019 మార్పు వల్ల ఏమైందో చూడండి. అప్పట్నుంచి 2025 దాకా ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకి ఒక్కసారి కూడా మొదటి ఎంపిక రాలేదు. ఈ ఏడు 17 గెలిచి 65 ఓడిన యూటాకి దొరికింది ఐదోది. డెట్రాయిట్‌కి 2023లోనూ 2024లోనూ ఐదోదే. మరి దీనితో కావాలని ఓడటం ఆగిందా? ఆగలేదు. ఆఖరి జట్టు ఐదుకన్నా కిందికి పోదు, దాని పైది ఆరుకన్నా కిందికి పోదు. కాబట్టి పైకి వెళ్తామన్న ఆశతో పాటు మరీ కిందికి పడమన్న భరోసా కోసం కూడా ఓడుతున్నారు. ఇదివరకు అట్టడుగున ఇద్దరు ముగ్గురు తోసుకునేవాళ్లు, ఇప్పుడు ఏడెనిమిది మంది తోసుకుంటున్నారు. చీట్లు చదును చేస్తే గుంపు పెరిగింది, అంతే.

లాటరీ గురించి మాకు మీరు కొత్తగా చెప్పేది ఏమీ లేదు. మా ఇళ్లలో మార్చి నెల అంటే హెచ్‌1బీ నెల. పేరు వచ్చిందా లేదా అన్న టెన్షన్‌తో వాట్సాప్ గ్రూపులన్నీ వేడెక్కి ఉంటాయి. మా బామ్మర్దికి మూడేళ్లు తగల్లేదు, నాలుగో ఏడు తగిలింది. మధ్యలో వాడు ఎక్కని కొండ లేదు, మొక్కని దేవుడు లేడు.

ఆ లాటరీలోనూ ఒక దశలో ఇదే రోగం వచ్చింది. చీటీకి విలువ ఉన్నప్పుడు ఎక్కువ చీట్లు వేసేవాడు పుడతాడు. ఒకే మనిషి పేరు మీద రెండు మూడు కన్సల్టెన్సీలు దరఖాస్తులు వేసేవి. 2023 మార్చిలో మొత్తం 7 లక్షల 80 వేల దరఖాస్తులు వస్తే, అందులో 4 లక్షలకు పైగా ఒకటికన్నా ఎక్కువసార్లు వేసిన వాళ్లవే. మరుసటి ఏడాది ప్రభుత్వం ఏం చేసింది? దరఖాస్తు లెక్కన కాకుండా మనిషి లెక్కన తీస్తామంది. ఎన్నిసార్లు వేసినా ఒక్క చీటీయే. 2024లో దరఖాస్తులు 4 లక్షల 80 వేలకి పడిపోయాయి. అదనపు చీటీకి విలువ పోయాక వేసేవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గారు.

మీరేమో జరిమానాల దారి పట్టారు. ఆ జరిమానాల కథ మా డల్లాస్ వాళ్లకన్నా బాగా ఎవరికీ తెలీదు. 2018లో "ఓడిపోవడమే మనకి మంచిది" అన్న అర్థం వచ్చేలా ఆటగాళ్లకి చెప్పానని మా అప్పటి యజమాని మార్క్ క్యూబన్ బయటపెట్టాడు. మీరు 6 లక్షల డాలర్లు జరిమానా వేశారు. ఆ ఏడు మేం 24 గెలిచాం. ఆ ఓటములతో వచ్చిన ఐదో ఎంపికని అట్లాంటాకి ఇచ్చి, పైన ఇంకో భవిష్యత్తు ఎంపికని కలిపి, వాళ్లు మూడో స్థానంలో తీసుకున్న, తర్వాత పెద్ద స్టారైన లూకా డోంచిచ్‌ని తెచ్చుకున్నాం. 6 లక్షలకి లూకా!

2023 ఏప్రిల్ 7 ఇంకా గొప్పది. ప్లే-ఇన్‌కి, అంటే ప్లేఆఫ్‌లో ఆఖరి చోట్ల కోసం ఆడే పోటీకి, వెళ్లే దారి అప్పటికి మూసుకుపోలేదు. పాత మార్పిడి ఒప్పందం ప్రకారం మా ఎంపిక పదిలోపు ఉంటేనే మాకు ఉంటుంది, లేదంటే న్యూయార్క్‌కి పోతుంది. ఆ రోజు షికాగోతో మ్యాచ్‌కి కైరీ అర్వింగ్‌తో సహా సగం జట్టుని కూర్చోబెట్టారు, లూకాని కాసేపు ఆడించి పక్కకి పిలిచారు. ఓడిపోయాం. మీరు ఏడున్నర లక్షల డాలర్లు వేశారు. పదో ఎంపిక మాకే మిగిలింది, దాన్ని మార్చుకుని పన్నెండో స్థానంలో డెరెక్ లైవ్లీని తీసుకున్నాం. మరుసటి ఏడాదే అతను మాతో ఫైనల్ ఆడాడు. గత నెలలో లేకర్స్ జట్టుకి 1000 కోట్ల డాలర్ల వెలకట్టి బేరం కుదిరింది. అలాంటి బజారులో ఏడున్నర లక్షలంటే ఎంత? మా ఊళ్లో దాన్ని జరిమానా అనరు, రేటు అంటారు. ఈ మార్చిలో యూటాకి వేసింది లక్ష డాలర్లు. రేటు తగ్గిందన్నమాట.

ఇంత నష్టానికి ఓర్చుకుని ఓడేది ఆట కోసమేనా అంటే, అదీ పూర్తిగా కాదు. కొత్త కుర్రాడు చవక. 1995లో మీరు కొత్తవాళ్ల జీతాలకి పట్టిక పెట్టారు. మొదటి ఎంపిక అయిన ఫ్లాగ్‌కి మొదటి ఏడాది 1 కోటీ 38 లక్షల డాలర్లు. పేరున్న ఆటగాడికి అయితే నాలుగైదు కోట్లు పెట్టాలి. నాలుగేళ్లు తక్కువ కూలికి పెద్ద పనిమంతుడు దొరుకుతుంటే, ఒక ఏడు ఓడితే పోయేదేముంది?

ఇక్కడ నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. అంత ఆరాటపడి తెచ్చుకునే మొదటి ఎంపిక నిజంగా అంత విలువైనదా? 2013లో లెబ్రాన్ జేమ్స్ ఎంవీపీ (ఏడాది మేటి ఆటగాడు) అయ్యాక, మొదటి ఎంపికగా వచ్చినవాడెవడూ మళ్లీ ఎంవీపీ కాలేదు. ఎంవీపీ అయిన యానిస్ ఎంపికల్లో 15వ వాడు. ఈ ఏడాది ఎంవీపీ షాయ్ 11వ వాడు. నికోలా జోకిచ్ అయితే 41. 2014లో అతని పేరు వచ్చినప్పుడు టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. ఆ ప్రకటన చాటున ఎంపికైనవాడు మూడుసార్లు ఎంవీపీ అయ్యాడు. లగెంట్జ్ డార్ట్‌ని అసలు ఎవరూ పిలవనే లేదు, ఈ జూన్‌లో ఓక్లహోమా సిటీతో కప్పు ఎత్తాడు. 2015లో మా డల్లాస్ వాళ్లు 52వ స్థానంలో పంజాబ్‌లోని బల్లో కే ఊరి సత్నామ్ సింగ్‌ని తీసుకున్నప్పుడు ఇక్కడి దేశీవాళ్లందరం పండగ చేసుకున్నాం. భారతదేశంలో పుట్టి ఆ పిలుపు అందుకున్న మొదటివాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు, అది వేరే బాధ. పిలుపు అందుకోవడానికీ ఆడటానికీ మధ్య ఎంత దూరమో ఇవన్నీ చూస్తే తెలుస్తుంది.

డ్రాఫ్ట్‌నే ఎత్తేయమనే వాళ్లూ ఉన్నారు. కుర్రాళ్లు నచ్చిన చోటికి పోతే తప్పేమిటంటారు. న్యాయంగా చూస్తే వాళ్ల మాటా నిజమే. కానీ ఎత్తేస్తే మంచివాళ్లంతా సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద నగరాలకి పోతారన్న భయం నాకుంది. ఈసారి ఫైనల్ ఆడింది ఓక్లహోమా సిటీ, ఇండియానా. చిన్న ఊళ్లకి ఇలాంటి రోజు రావాలంటే డ్రాఫ్ట్ ఉండాలి. వరస ఎలా పెట్టాలన్నదే నా గొడవ.

నేను అడిగేది ఇది. ఒక జట్టుకి ప్లేఆఫ్ ఆశ పూర్తిగా పోయిన రోజు నుంచి కొత్త పుస్తకం తెరవండి. ఆ రోజు తర్వాత గెలిచిన ప్రతి మ్యాచ్‌కీ ఒక మార్కు. ఏప్రిల్‌లో ఎవరి మార్కులు ఎక్కువైతే వాళ్లకి మొదటి ఎంపిక. బంతులు వద్దు, కవర్లు వద్దు, ఫ్రిజ్ అసలే వద్దు. నిజంగా బలహీనమైన జట్టు అందరికన్నా ముందే రేసులోంచి పోతుంది కాబట్టి మార్కులు తెచ్చుకోడానికి దానికి ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. ఈ ఆలోచన నాది కాదు. ఆడమ్ గోల్డ్ అనే పరిశోధక విద్యార్థి 2012లో ఎంఐటీ స్లోన్ క్రీడా గణాంకాల సదస్సులో చెప్పాడు. మహిళల ఐస్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ 2024లో మొదలైన ఏడాదే దీన్ని అమలుపెట్టింది. ఆ ఏడు ఆఖరి స్థానంలో నిలిచిన న్యూయార్క్ జట్టే చివర్లో గెలిచి మొదటి ఎంపిక సంపాదించుకుంది. బలహీనులకి సాయమూ అందింది, మార్చి ఏప్రిల్ మ్యాచ్‌లకి టికెట్ కొన్నవాడికి ఆటా దక్కింది.

దీనిలో చిల్లులు లేవని అనను. రేసులోంచి తొందరగా పోవాలని నవంబర్‌లోనే ఓడటం మొదలుపెడతారేమో అంటారు. పెట్టనివ్వండి చూద్దాం. నవంబర్‌లో ఏ కోచ్‌కైనా ఉద్యోగం మీద ఆశ ఉంటుంది, ఏ ఆటగాడికైనా కొత్త ఒప్పందం మీద ఆశ ఉంటుంది. పైగా మొదట్లో ఓడిపోడానికి తయారుచేసిన జట్టుతోనే చివర్లో గెలవాలి కదా! డెట్రాయిట్ సంగతి అడుగుతారు. 2023-24లో వరసగా 28 మ్యాచ్‌లు ఓడిన జట్టు. అది నాటకం కాదు, పాపం నిజంగానే చేతకాక ఓడారు. అలాంటివాళ్లకి చివర్లో మాత్రం గెలుపు ఎక్కడి నుంచి వస్తుందంటే, మిగిలినవాళ్లలో కొందరికన్నా తక్కువే రావచ్చు, ఒప్పుకుంటాను. కానీ మీ లాటరీ వాళ్లకి ఇచ్చింది కూడా ఐదోదేగా. అదే డెట్రాయిట్ మరుసటి ఏడాది కొత్త కోచ్‌తో 14 గెలుపుల నుంచి 44కి వచ్చింది. కొత్తగా మొదటి ఎంపిక దొరక్కుండానే.

ఇంకో చిన్న కోరిక. ఎంపికల మార్పిడిలో పెట్టుకునే షరతులు. "పదిలోపు ఉంటే నాది, దాటితే నీది" అన్న రకం. 2023లో మావాళ్ల చేత ఆ పని చేయించింది అదే. ఈ ఏడు ఫిలడెల్ఫియా ఎంపిక ఆరు దాటితే ఓక్లహోమాకి పోవాలి, వాళ్లు 24 గెలిచి మూడో స్థానం తెచ్చుకుని నిలబెట్టుకున్నారు. నేను చెప్పిన పద్ధతి వస్తే ఆశ పోయిన జట్టు ఎంపిక నిలుపుకోవాలంటే గెలవాల్సి వస్తుంది, కాబట్టి సగం గొడవ పోతుంది. అంచు మీద ఉన్న జట్టుకి మాత్రం ఓడితేనే మంచిదన్న ఆశ మిగులుతుంది. షరతుల్ని మొదటి నాలుగు స్థానాలకే పరిమితం చెయ్యండి, అదీ పోతుంది. ఆఖరి వారంలో ఓడి బయటపడిన జట్టుకి మొదటి నాలుగు అందేంత మార్కులు ఎలాగూ రావు.

మా సంగతికొస్తే, ఫిబ్రవరి మొదటి తారీకు అర్ధరాత్రి లూకాని లేకర్స్‌కి ఇచ్చేశారన్న వార్త చూసి మావాడు నన్ను నిద్రలేపాడు. అబద్ధం, ఎవడో ఫోన్లో ఆటపట్టిస్తున్నాడని మళ్లీ పడుకోబెట్టాను. మర్నాడు అరీనా బయట జనం పువ్వులు పెట్టారు, శవపేటిక కూడా తెచ్చారు. వచ్చిన ఆంథోనీ డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, మార్చిలో కైరీ మోకాలి లిగమెంట్ తెగింది. అయినా మావాళ్లు గెలవాలనే ఆడారు. కిందామీదా పడి 39 గెలిచి, ప్లే-ఇన్‌కి వెళ్లి, శాక్రమెంటోలో గెలిచి, మెంఫిస్‌లో ఓడారు. ఓడాలని ఆడిన ఏళ్లలో లూకా, లైవ్లీ వచ్చారు. గెలవాలని ఆడిన ఏడాది ఫ్లాగ్ వచ్చాడు. ఇందులో న్యాయం ఉందని మావాడికి చెబుదామనుకున్నాను కానీ, అదే షికాగో కూడా 39 గెలిచింది, వాళ్లూ గెలవాలనే ఆడారు. సమానంగా ఉన్న మా ఇద్దరికీ మధ్య చీటీ వేస్తే మేం ముందున్నాం. వాళ్లకి పన్నెండోది దొరికింది. షికాగోలో ఉన్న మా పిన్ని కొడుకు ఆ రాత్రి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. "మీకు ముందే చెప్పి ఉంటారు" అని గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాడు, అంతే. నేను ఆ మాట నమ్మను. బంతులు తీసే గదిలో జట్ల మనుషులూ ఆడిటర్లూ ఉంటారని చెప్పి చూశాను. హెచ్‌1బీ మూడేళ్లు రాని మా బామ్మర్దికి కూడా అప్పట్లో ఇలాగే నచ్చజెప్పాను. ఇద్దరి దగ్గరా నా మాట చెల్లలేదు.

నాన్న వచ్చే మార్చిలో మళ్లీ వస్తున్నారు. మొన్న ఫోన్లో ఫ్లాగ్ గురించి చెబితే, "కుర్రాడు బాగుంటే చూద్దాం. కానీ టికెట్ కొనేముందు అడుగు, ఆ రోజు గెలవడానికి ఆడతారో లేదో" అన్నారు. ఎవర్ని అడగాలో నాకు తెలీలేదు. మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక డల్లాస్ అభిమాని